చిటికెడు ఎక్కువ

పళ్ళరసాల ఫ్యాక్టరీలో చిటికెడమ్మను ఎరగనివాళ్ళు లేరు. అసలు పేరేమిటని అడిగితే మాత్రం గేటు దగ్గరి కాపలాదారు కూడా తల గోక్కుంటాడు. ఆమె చేతి మీదుగా వెళ్ళిన సీసా ఒక్కటి కూడా ఇంతవరకు పొంగలేదు, పులియలేదు, పేలలేదు. ఈ మాట అక్కడ అందరూ అంటారు. అందరికంటే ఎక్కువసార్లు ఆమే అంటుంది.

అనడానికి ఆమెకు హక్కుంది లెండి. ఎడమ కనుబొమ్మ మధ్యలో ఒక్క వెంట్రుక కూడా మొలవని గీత ఒకటి ఉంటుంది. అది ఆమె పలకా బలపం పట్టుకునే వయసులో తగిలిన దెబ్బ. వాళ్ళమ్మ నారింజపళ్ళు పిండి, రసంలో ఇంత చక్కెర పోసి, మూత బిగించి వంటింటి అలమరలో పెట్టింది. చక్కెర ఉంటే ఏదీ పాడవదని ఆవిడ నమ్మకం. ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం పిల్ల మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళింది, సీసా ఢామ్మంది. గాజుపెంకు కనుబొమ్మను చీల్చుకుంటూ పోయింది. కన్ను మిగలడమే అదృష్టమని చుట్టుపక్కలవాళ్ళు అన్నారు. కన్నుతోపాటు భయం కూడా మిగిలింది. పెద్దయ్యాక కూడా, మూత వేసిన సీసాలో చిన్న బుడగ పైకి లేస్తే ఆమె చెయ్యి దానంతటదే కనుబొమ్మ మీదికి వెళ్ళేది.

అలాంటి మనిషికి పళ్ళరసాల ఫ్యాక్టరీలో, అదీ మందు గదిలో ఉద్యోగం రావడం గంతకు తగ్గ బొంత దొరికినట్టే అయింది. మందు గది అంటే పెద్దదేమీ కాదు. ఒక బల్ల, బల్ల మీద తూకపు యంత్రం, నాలుగైదు స్టీలు జగ్గులు, గోడవారగా మూతలున్న రెండు డ్రమ్ములు. రెండింట్లోనూ తెల్లపొడే. ఒకదానికి వాసన లేదు, దాన్ని మెత్తమందు అనేవారు. రెండోదాని మూత తీస్తే కాలిన అగ్గిపుల్ల వాసన ముక్కులో గుచ్చుకుంటుంది, దాని పేరు ఘాటుమందు. నారింజ రసానికి, నిమ్మరసానికి ఘాటుమందు. నల్లద్రాక్ష రసానికి మాత్రం మెత్తమందు, ఎందుకంటే ఘాటుమందు తగిలితే ద్రాక్ష రంగు వెలిసిపోతుంది. రసాన్ని పులియబెట్టే పురుగు కంటికి కనపడదు. అది చక్కెర తిని గాలి వదులుతుంది. ఆ గాలికి దారి దొరక్కపోతే సీసా పగులుతుంది. ఈ రెండు పొడులూ ఆ పురుగును లేవనివ్వవు. చిటికెడమ్మ పనంతా ఇదే: పొడిని తూచడం, కాస్త రసంలో ఉండలు లేకుండా కరిగించడం, దాన్ని పెద్ద తొట్టిలో పోసి తెడ్డుతో తిప్పడం.

ఆ పేరు రావడానికీ ఒక కథ ఉంది. ఒకసారి తూకపు యంత్రం మొరాయించింది. తొట్టిలో రసం నిలవుంది, బాగుచేసేవాడు రాలేదు. ఆమె బొటనవేలూ చూపుడువేలూ పొడిలో ముంచి, చిటికెలు లెక్కపెట్టుకుంటూ కాగితం మీద కుప్ప పోసింది. యంత్రం బాగుపడ్డాక మేనేజరు ఆ కుప్పను తూచి చూశాడు. ముల్లు గీత మీదే నిలబడింది. ఆ రోజునుంచి ఆమె చిటికెడమ్మ. మేనేజరు మెచ్చుకున్నాడు గానీ, మరునాడే మందు గది గోడకు ఒక బోర్డు కూడా తగిలించాడు: ఎక్కువ వేస్తే నేరం, తక్కువ వేస్తే నష్టం, తూచి వేయండి. ఆ బోర్డుకు ఆమె ఏనాడూ ఎదురు వెళ్ళలేదు. ఫ్యాక్టరీలో తూచే వేసింది.

ఇంట్లో బోర్డు లేదు. గొడవంతా అక్కడే వచ్చింది.

పళ్ళు పిండే యంత్రం అడుగున సాయంత్రానికి కాస్త రసం మిగిలేది. మందు కలపని పచ్చిరసం. కావలసినవాళ్ళు పట్టుకుపోవచ్చు. సీసాలు కడిగే ఆడవాళ్ళు తీసుకెళ్ళి ఆ పూటే పిల్లలకు పోసేసేవారు. చిటికెడమ్మకు అది చూస్తే ఒళ్ళుమంట. "ఆబగా తాగేస్తారేంటే? నాలుగు రోజులు దాచుకోవడం తెలీదూ?" అనేది. తను మాత్రం మేనేజరును అడిగి చిన్న డబ్బాలో ఘాటుమందు, మరో డబ్బాలో మెత్తమందు ఇంటికి తెచ్చుకుంది. ఇంట్లో రసానికి చక్కెర కలిపి, చిటికెలతో మందు వేసి, సీసాల్లో మెడ దాకా నింపి, మూత బిగించి అలమరలో పెట్టేది. అన్ని చిటికెలూ అయ్యాక చివర్న ఇంకొక్క చిటికెడు వేసేది. ఎందుకంటే, ఆ సీసా మూత తీసేది మనవరాలు. ఫ్యాక్టరీ సీసా ఎవరింటికో వెళ్తుంది, ఇది మనింట్లో ఉంటుంది. మనపిల్ల కనుబొమ్మకు ఏ గాజుపెంకూ తగలకూడదు కదా.

మనవరాలిని అందరూ గువ్వ అంటారు. కొడుకు కూతురు. రెండు ముందు పళ్ళు ఊడిపోయి, మాట్లాడితే ఈల వచ్చే వయసు. నానమ్మ తెచ్చే సీసా అంటే దానికి ప్రాణం. కొత్త సీసా తెరిస్తే మొదటి గ్లాసు దానిదే. ఆ హక్కు కోసం అది వాళ్ళ నాన్నతో కూడా పోట్లాడేది. కొడుకు బస్సు డ్రైవరు, డ్యూటీ దిగి వచ్చి గ్లాసు చాపితే, "నీది రెండోది!" అని చెయ్యి తోసేసేది. చిటికెడమ్మ అది చూసి మురిసిపోయేది.

ఆ ఏడు గువ్వకు ఆయాసం మొదలైంది. బడినుంచి వస్తుంది, మూడంతస్తుల మెట్లెక్కుతుంది, పుస్తకాలు పడేసి రసం తాగుతుంది, పిల్లిని ఒళ్ళో వేసుకుని కూర్చుంటుంది. కాసేపటికి దగ్గు. దగ్గు వెనకే పిల్లనగ్రోవిలో తడి చేరినట్టు ఛాతీలోంచి కూత. ఒక్కోరోజు వచ్చేది, వరసగా నాలుగు రోజులు రాకపోయేది. వచ్చినప్పుడు పిల్ల మాట సగంలో ఆగిపోయేది. "నానమ్మా, నాకు..." అని ఆగి, గాలి కోసం భుజాలు ఎగరేసి, మిగతా మాట మింగేసేది. చిటికెడమ్మ గొంతు తడుస్తుందని ఇంకాస్త రసం పట్టేది.

ఎందుకొస్తోందో కనిపెట్టాలి. ఇల్లన్నాక అనుమానాలకు కరువా? కింద అంతస్తులో వడ్రంగి రంపం పెట్టి కోస్తాడు, రంపపు పొట్టు మెట్లమీద తేలుతుంటుంది. కోడలు ఇంట్లో బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది, నూలు ఎగురుతుంది. అన్నిటికంటే మించి పిల్లి ఉంది. బూడిదరంగు పిల్లి, పేరు మసి. అది కోడలితోపాటు ఈ ఇంటికి వచ్చింది. పెళ్ళికూతురు ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో పిల్లి పట్టుకుని దిగిందని చిటికెడమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. నవ్వులోనే చిన్న ముల్లు కూడా ఉంటుంది. ఆ పిల్లి మొదటి రోజునుంచీ అత్తగారిని లెక్కచేయలేదు. ఆమె కుర్చీలో అది కూర్చునేది, ఆమె వస్తే దిగేది కాదు.

డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ పిల్ల ఛాతీ విని, పీల్చే మందు రాసిచ్చి, ఒక్కొక్కటే అడిగింది. ఇంట్లో దుమ్ముందా? పొగ తాగేవాళ్ళున్నారా? జంతువులున్నాయా?

"పిల్లి ఉందండీ," అంది చిటికెడమ్మ, కోడలు నోరు తెరిచేలోగా.

"తిండి ఏదైనా పడదా? సీసాల్లో వచ్చే రసాలు, ఎండబెట్టిన పళ్ళు, అలాంటివి ఎక్కువ తింటుందా?"

"అబ్బే, బయటివి గడప తొక్కనివ్వం డాక్టరమ్మా. తాగేదంతా ఇంట్లో నేను చేసిందే."

డాక్టరమ్మ తలూపి తరవాతి ప్రశ్నకు వెళ్ళింది. చిటికెడమ్మ అబద్ధం చెప్పలేదు. తను చేసింది బయటిదెలా అవుతుంది? ఆమె మనసులో అది ఇంటి రసం, అంతే.

ఇంటికొచ్చాక పిల్లి మీద విచారణ జరిగింది. ముద్దాయికి మాటరాదు, వాదించే కోడలికి మాట సాగలేదు. "పెళ్ళికి ముందునుంచీ ఉంది అత్తయ్యా, గువ్వ పుట్టినప్పటినుంచీ దాని పక్కనే పడుకుంది, ఇన్నాళ్ళు లేనిది ఇప్పుడెందుకు వస్తుంది?" అని ఒక్కసారి అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. కానీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో వాదించి ఎవరు గెలిచారు? "నీకు పిల్లి ముఖ్యమా, పిల్ల ముఖ్యమా?" అంది చిటికెడమ్మ. ఆ మాట తరవాత ఏ తల్లయినా ఏం మాట్లాడుతుంది? కోడలు లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. చిటికెడమ్మే పిల్లిని సంచిలో పెట్టి, వంతెన అవతల ఉండే సీసాలు కడిగే ఆవిడకు అప్పగించి వచ్చింది. దారంతా అది సంచిలోంచి ఆమెను తిడుతూనే ఉంది. పిల్లి శాపాలకు ఉట్లు తెగవులే అనుకుంది.

మరి కాకతాళీయం అంటే ఇదేనేమో. సరిగ్గా ఆ వారమే ఫ్యాక్టరీలో నారింజ అయిపోయి నల్లద్రాక్ష మొదలైంది. ఇంటికి వచ్చే సీసా నల్లదైంది. గువ్వ పెదాలు ఊదారంగుకు తిరిగాయి, ఆయాసం మాయమైంది. మెట్లమీద గెంతుతూ పైకొచ్చేది, పాటలు పాడేది. "చూశావా?" అంది చిటికెడమ్మ కొడుకుతో, కోడలికి వినపడేలా. "నేను చెప్పలా?" కోడలు మిషను తొక్కుతూ తలెత్తలేదు. పిల్ల బాగుంటే అంతకంటే ఏం కావాలని సర్దుకుంది. పిల్లి పడుకునే పాత దుప్పటి మాత్రం మడతపెట్టి బీరువా అడుగున దాచింది.

ద్రాక్ష అయిపోయి మళ్ళీ నారింజ వచ్చింది. చిటికెడమ్మ కొత్త సీసా బల్లమీద పెట్టింది. గువ్వ బడినుంచి వచ్చి, ఎదురుచూసిన నారింజ కదా, గ్లాసెడు గటగటా తాగేసింది. ఆ రోజు వచ్చిన ఆయాసం మునుపెన్నడూ రాలేదు. పెదాల చుట్టూ నీలం కమ్మింది. పీల్చే మందు పనిచేయలేదు. కొడుకు పిల్లను భుజాన వేసుకుని మూడంతస్తులూ పరిగెత్తి దిగాడు, వడ్రంగి తన బండిలో ఆస్పత్రికి చేర్చాడు. ముక్కుకూ నోటికీ తొడుగు పెట్టి గాలి ఎక్కించారు. పిల్ల కళ్ళు తొడుగు మీదినుంచి అందరినీ చూస్తూనే ఉన్నాయి. డాక్టరమ్మ గువ్వ నాన్నను పక్కకు పిలిచి, ఇంకోసారి ఇంత గట్టిగా వస్తే ఆస్పత్రికి చేరేదాకా ప్రాణం నిలుస్తుందో లేదో చెప్పలేనంది. ఆ మాట చిటికెడమ్మ కూడా విన్నది. బెంచీ మీద కూలబడి, చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

గువ్వ రెండుమూడు రోజుల్లో ఇంటికొచ్చింది. ఇంట్లో ఎవరికీ నవ్వు లేదు. పిల్లి వెంట్రుకలు ఇంకా పరుపుల్లో ఉండిపోయాయేమోనని చిటికెడమ్మే అంది. కోడలు నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది?

ఆ మరుసటి వారం మందు గది పక్కన తొట్టికి నీళ్ళు తోడే పంపు ఆగిపోయింది. బాగుచేయడానికి మెకానిక్కు వచ్చాడు. మనిషి తలుపంత ఉన్నాడు, జబ్బలు చూస్తే పంపును ఒంటిచేత్తో ఎత్తేలా ఉన్నాడు. గొట్టం వెనక్కి చెయ్యి పెట్టడానికి అడ్డుగా ఉందని ఘాటుమందు డ్రమ్మును పక్కకు జరిపాడు. మూత వదులుగా ఉన్నట్టుంది, కదిలి పక్కకు పడింది. వాసన గుప్పుమంది. మెకానిక్కు ఒక్కసారి తుమ్మి, రెండోసారి దగ్గి, మూడోసారి ఊపిరి కోసం గోడ పట్టుకున్నాడు. అంత మనిషీ మెట్టుమీద కూర్చుని భుజాలు ఎగరేస్తున్నాడు. ఛాతీలోంచి కూత వస్తోంది.

ఆ కూత చిటికెడమ్మకు తెలుసు.

గబగబా మూత వేసి, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. అతను జేబులోంచి పీల్చే మందు తీసి రెండుసార్లు పీల్చాడు. కాస్త తేరుకున్నాక సిగ్గుగా నవ్వాడు.

"నాకిది పడదమ్మా. చిన్నప్పటినుంచీ ఇంతే."

"వాసన పడదా?"

"వాసనే కాదు, ఇది వేసిన రసం తాగినా ఇంతే. పసుపుపచ్చగా మెరిసే ఎండుపళ్ళుంటాయి చూడండి, అవి తిన్నా అంతే. మా ఆవిడ ఇంట్లో పళ్ళు పిండి ఇస్తే మాత్రం ఎంతైనా తాగేస్తా, ఏమీ కాదు."

"ద్రాక్షరసం తాగితే?"

"నల్లదా? అది ఏమీ చెయ్యదు. ఎందుకో మరి నాకు తెలీదు."

ఎందుకో చిటికెడమ్మకు తెలుసు. ఆమె డ్రమ్ము మూత మీద చెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయింది. నల్లద్రాక్ష వారాలన్నీ పిల్ల బాగుంది. నారింజ వచ్చిన రోజే ఆస్పత్రి. వరసగా నాలుగు రోజులు రాకుండా ఒకరోజు ఎందుకు వచ్చేదో కూడా తెలిసింది. మూత తీసిన కొద్దీ ఘాటు ఎగిరిపోతుంది. కొత్త సీసాలో, మొదటి గ్లాసులోనే అదంతా ఉంటుంది. ఆ మొదటి గ్లాసు పోట్లాడి తాగేది ఎవరు? అందరికీ పడే కొలత ఆ ఒక్క పిల్లకు పడదు, అది ఎవరి తప్పూ కాదు. కానీ ఆ కొలత మీద చిటికెడు ఎక్కువ వేసిన వేళ్ళు ఎవరివి? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారంటే ఏమో అనుకుంటాం గానీ, తను ఇన్నాళ్ళూ చేసింది అదే. వెతికి వెతికి ఒక పిల్లిని దొంగను చేసింది.

మేనేజరును అడిగి ఆ పూట సెలవు తీసుకుంది. తలనొప్పి అని చెప్పింది. బస్సులో కిటికీ పక్కన తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. ఆలోచన ఎటు తిరిగినా ఒకచోటికే వస్తోంది. ఎవరికి చెప్పాలి? అసలు చెప్పడం ఎందుకు? ఇవాళ్టినుంచి మందు మానేస్తే సరి. పిల్లకు ఆయాసం రాదు. పరుపులు దులిపినందుకు తగ్గిందని అందరూ అనుకుంటారు. పిల్లి వచ్చి సాక్ష్యం చెప్పదు కదా. చెబితే మాత్రం కోడలు ఇంకెప్పుడైనా తన చేతి గ్లాసును పిల్ల నోటిదాకా వెళ్ళనిస్తుందా? ఇదీ ఆమె భయం. పరువు సంగతి తరవాత. గువ్వ తన చేతిలోంచి గ్లాసు లాక్కునే ఆ పోట్లాట పోతే, ఇక సాయంత్రాలు ఎందుకు? బస్సు దిగేసరికి నోరు మూసుకోవాలనే నిశ్చయించుకుంది.

మెట్లెక్కి తలుపు తోసింది. ఇల్లంతా తలకిందులుగా ఉంది. పరుపులు నిలబెట్టి ఉన్నాయి. కోడలు నేలమీద కూర్చుని, వేణ్ణీళ్ళలో ముంచిన గుడ్డతో పరుపు కుట్లు ఒక్కొక్కటే తుడుస్తోంది. వేళ్ళు నాని తెల్లబడి, గోళ్ళ పక్కన చర్మం చిట్లింది. మూలన కుట్టుమిషను మీద దుప్పటి కప్పి తాడు కట్టి ఉంది.

"మిషనెందుకు కట్టేశావమ్మాయ్?"

"యూనిఫారాలు ఇక ఒప్పుకోనని బడివాళ్ళకు చెప్పేశానత్తయ్యా. నూలు కూడా పడదేమో." కోడలు తలెత్తకుండానే అంది. "మీరన్నట్టు మసి వెంట్రుకలే అయ్యుంటాయి. ఈ కుట్లలో ఇరుక్కున్నాయి చూడండి. ముందే కడగాల్సింది. నాదే తప్పు."

చిటికెడమ్మ సంచి కింద పెట్టింది. నాదే తప్పు అన్న ఆ మాట దగ్గర ఆమె నిశ్చయం కాస్తా కూలిపోయింది.

"ఆ గుడ్డ అక్కడ పెట్టు," అంది. "నీ తప్పు కాదు. పిల్లిది కాదు. నాది."

అన్నీ చెప్పింది. మెకానిక్కు, కూత, నల్లద్రాక్ష, మొదటి గ్లాసు. చివరికి ఆ చిటికెడు దగ్గరికి వచ్చింది. "సీసా పేలుతుందేమోనని భయం అమ్మాయ్. మన గువ్వకి తగులుతుందేమోనని కొంచెం ఎక్కువే వేసేదాన్ని. ప్రతిసారీ." తలెత్తలేక, రెండు వేళ్ళూ ఒకదానికొకటి రాసుకుంటూ కూర్చుంది.

 కోడలు తడిగుడ్డ పిండి, బకెట్టు అంచున ఆరేసింది. లేచి అలమరలోంచి నారింజ సీసాలు తీసి, సింకులో ఒక్కొక్కటే ఒంపింది. అగ్గిపుల్ల వాసన గదంతా నిండింది.  అన్నీ ఖాళీ అయ్యాక కోడలు ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అది ఘాటువల్లో ఏడుపువల్లో తెలియలేదు.

"డాక్టరమ్మకి రేపు మీరే చెప్పండి."

"చెప్తాను."

"మసిని ఎవరింట్లో ఇచ్చారో గుర్తుందా?"

"గుర్తుంది."

"మీరే వెళ్ళి తీసుకురండి అత్తయ్యా. నేను రాను."

డాక్టరమ్మ కేకలు వేయలేదు. విని, తన ప్రశ్నను తనే తిట్టుకుంది. ఇంకోలా అడగాల్సింది అంది. ఏయే వాటిలో ఆ మందు ఉంటుందో చెప్పి, అవన్నీ మాన్పించమంది. పిల్లి సంగతే అంతకంటే కష్టమైంది. సీసాలు కడిగే ఆవిడ ఇంట్లో మసి మేసి మేసి తలగడంత అయింది. చిటికెడమ్మను చూసి వెళ్ళి మంచం కిందికి దూరింది. ఈమె బతిమాలింది, చేపముక్క చూపించింది, తిట్టింది, చివరికి మోకాళ్ళమీద వంగి మంచం కింద చెయ్యి పెట్టి, "తప్పయిపోయిందే, రావే" అంది. ఇంటావిడ నోరు నొక్కుకుని నవ్వింది. చిటికెడమ్మ చేతిమీద మూడు గీతలు పెట్టించుకుని మరీ పిల్లిని ఇంటికి తెచ్చింది. మసి సంచిలోంచి దిగి, నేరుగా వెళ్ళి ఆమె కుర్చీలో కూర్చుంది. ఆమె బల్ల లాక్కుని కూర్చుంది.

కోడలు మళ్ళీ మిషను విప్పింది. అత్తగారితో మాత్రం అవసరానికే మాట్లాడేది. గువ్వకు నారింజ కావాలంటే ఇప్పుడు పళ్ళే తెచ్చేవారు. కోడలు పళ్ళూ కత్తీ తెచ్చి ఆమె ముందు పెట్టేది. "మీరే పిండండి. నేను చూస్తుంటాను," అనేది. నిజంగానే పక్కన నిలబడి చూసేది. మొదటి గుక్క తను తాగి, అప్పుడు పిల్లకు ఇచ్చేది. చిటికెడమ్మకు లోపల కలుక్కుమనేది. కానీ పిండమని తనకే ఇస్తోంది కదా, అది చాలు అనుకునేది. మిగిలిన రసం ఆ పూటే పారబోయడం మాత్రం ఆమెకు ప్రాణసంకటంగా ఉండేది. 

అలవాటు ఎంత చెడ్డదంటే, చెయ్యి మనిషి మాట వినదు. ఒకరోజు పళ్ళు ఎక్కువ వచ్చాయి. కోడలు యూనిఫారాల కొలతలు తీసుకోవడానికి బడికి వెళ్ళింది. చిటికెడమ్మ మిగిలిన రసంలో చక్కెర కలిపి, సీసాలో మెడ దాకా నింపి, మూత బిగించి, అలమరలో వెనక్కి పెట్టేసింది. ఇన్నేళ్ళుగా ఏం చేస్తోందో అదే చేసింది. మందు ఒక్కటే వేయలేదు. అది ఇంట్లో లేదు కదా. పెట్టిన సంగతి కూడా మరిచిపోయింది.

ఎండలు ముదిరాయి. కొన్నాళ్ళకు, ఒక సెలవురోజు మధ్యాహ్నం అలమరలో ఢామ్మంది.

చిటికెడమ్మ వంటింటి నేలమీద కూర్చుని గిన్నెలు తుడుస్తోంది. రెండు చేతులూ ఒక్కసారిగా కనుబొమ్మల మీదికి వెళ్ళాయి. అలమర తలుపు విరిగి వేలాడుతోంది. పులిసిన నారింజ గోడమీదినుంచి నురగతో కారుతోంది. పైకప్పు మీద కూడా చుక్కలున్నాయి. మసి వీపు విల్లులా వంచి బీరువా ఎక్కి కూర్చుంది. కోడలు మిషను వదిలి పరిగెత్తుకొచ్చి, ఆమె చేతులు లాగి ముఖమంతా తడిమింది. "తగిలిందా? కంటికి తగిలిందా అత్తయ్యా? చూపించండి!" అంది. ఏమీ తగలలేదు. ఆమె చేతి మీదుగా వెళ్ళిన సీసా పేలడం అదే మొదలు. చిటికెడమ్మ కోడలి చేతులు గట్టిగా పట్టుకుంది.

అప్పుడు కిందినుంచి కాళ్ళ చప్పుడు వినిపించింది. గువ్వ వడ్రంగి గుమ్మం దగ్గర ఆడుకుంటూ చప్పుడు విని ఉంటుంది. రంపపు పొట్టు తేలే ఆ మెట్లమీద, రెండేసి మెట్లు ఒక్కసారి ఎక్కుతూ, మూడంతస్తులూ ఒక్క పరుగున వచ్చి గుమ్మంలో నిలబడింది. ముఖం ఎర్రగా ఉంది, జుట్టునిండా పొట్టుంది.

"నానమ్మా, ఏం పేలింది, నారింజ సీసానా, గోడంతా ఎందుకలా అయింది, మసి బీరువా మీదికెందుకెక్కింది, నేను లేనప్పుడే ఎందుకు పేలిందీ?"

మధ్యలో ఎక్కడా ఆగలేదు.  చిటికెడమ్మ చెవి రిక్కించి ఇంకాసేపు విన్నది. పక్కన కోడలు కూడా చెయ్యి వదలకుండా వింటోంది. పిల్ల ఛాతీలోంచి ఏ చప్పుడూ లేదు. గోడమీద నురగ చిటపటలాడుతున్న చప్పుడు ఒక్కటే ఉంది.

"గుమ్మంలోనే ఉండు, గాజుపెంకులున్నాయి," అంది కోడలు. "నేనూ నానమ్మా ఊడ్చేస్తాం."